అగ్ని కన్న గుట్టలు, మనిషి కట్టిన చెరువులు



నల్లగొండ, మహబూబ్‌నగర్ ఉమ్మడి జిల్లాల్లో దేవుళ్ళు ఎక్కువగా గుట్టలమీదే వెలిశారు. చెరువుగట్టు, యాదగిరిగుట్ట, మన్యంకొండ, కురుమూర్తి అన్న పేర్లలో దేనిని తలచుకున్నా ముందుగా కళ్ళముందు నిలిచేది బోడిగుండ్ల గుట్ట, దానిమీద గుడి, గుడికి ఎక్కే మెట్ల వరుస. ఇలాంటి గుట్టల్లో చాలావాటి పాదాన చెరువో కుంటో ఉంటుంది, నెత్తిన గుండమో కోనేరో ఉంటుంది. కానీ దర్శనం చేసుకుని, మొక్కు చెల్లించి, తిరుగు బస్సు అందుకునే తొందరలో ఉన్న యాత్రికులు ఆ నీటివైపు తలతిప్పి చూడడం అరుదు. గుట్టా చెరువూ ఒకే క్షేత్రానికి రెండు భాగాలని, ఒకదానిని విడిచి రెండోదానిని చూస్తే యాత్ర సగమే అవుతుందని చెప్పడం ఈ ప్రసంగం ఉద్దేశం.

ఈ మాట తెలియడానికి ముందుగా దూరదేశపు పుణ్యగిరి ఒకదానిని చూడాలి. జపాన్‌లోని ఫుజి పర్వతం 3,776 మీటర్ల ఎత్తున్న అగ్నిపర్వతం. చివరిసారిగా 1707లో అది నిప్పులు కక్కింది. జపాన్ ప్రజలకు అది దేవతా నిలయం, శతాబ్దాలుగా భక్తులు ఎక్కుతున్న కొండ. 2013లో యునెస్కో దానిని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించినప్పుడు కొండతో పాటు దాని ఉత్తర పాదాన ఉన్న ఐదు సరస్సులను కూడా కలిపి గుర్తించింది. పూర్వపు యాత్రికులు ఆ సరస్సుల్లో మునిగి శుద్ధులై కొండ ఎక్కేవారు. ఆ సరస్సులను ఏర్పరచినది కూడా కొండే. అగ్నిపర్వతం నుంచి పొంగి పారే కరిగిన రాతిని లావా అంటారు; 864వ సంవత్సరంలో ఫుజి నుంచి దిగిన లావా అక్కడి పెద్ద సరస్సు ఒకదానిలోకి పారి, దానిని చాలావరకు పూడ్చివేయగా, మిగిలిన నీరే నేటి సాయ్, షోజీ సరస్సులుగా నిలిచింది. అంటే అక్కడ చెరువుకు కట్ట పోసింది అగ్ని.

తెలంగాణ గుట్టల కింద కట్ట పోసింది మనుషులు. శ్రోతలు ఈ ఒక్క తేడాను గుర్తుంచుకుంటే తక్కిన కథ అంతా సులభంగా బోధపడుతుంది. ఫుజి దగ్గర అగ్ని కట్ట పోసింది, ఇక్కడ మనుషులు పోశారు.

అయితే ఇక్కడి గుట్టలకు కూడా అగ్నితో చుట్టరికం ఉంది, అది ఫుజి చుట్టరికం కన్నా ఎంతో పాతది. నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో నేల కింద ఉన్న రాయి చాలావరకు గ్రానైటు. సుమారు 250 కోట్ల సంవత్సరాల క్రితం భూమి లోపల, కిలోమీటర్ల లోతున, కరిగి ఉన్న శిలాద్రవం పైకి పొంగకుండా అక్కడే నిలిచి, లక్షల ఏళ్ళ పాటు చల్లారి, గడ్డకట్టి ఈ రాయి అయింది. నెమ్మదిగా చల్లారింది కనుకనే దానిలోని పలుకులు కంటికి కనిపించేటంత పెద్దవిగా పెరిగాయి. గుట్ట ఎక్కేటప్పుడు ఎండలో తళుక్కుమనే గాజులాంటి పలుకు క్వార్ట్జు, గులాబి రంగులో ఉండేది ఫెల్డ్‌స్పార్, నల్లగా మెరిసే రేకులు బయోటైట్ అనే అభ్రకం. ఈ నల్లని అభ్రకం సంగతి ప్రసంగం చివరి భాగంలో మళ్ళీ వస్తుంది కనుక శ్రోతలు దీనిని కొంచెం గుర్తు పెట్టుకోవాలి.

పైనున్న కిలోమీటర్ల మందపు రాతిని గాలీ వానా యుగాల తరబడి అరగదీసిన తరువాత గ్రానైటు వెలుగులోకి వచ్చింది. మీది బరువు తొలగిపోయిన రాయి ఉబ్బి, ఉల్లిపొరల్లా పొరలుగా విడిపోతుంది. భువనగిరి ఖిల్లా నిలిచిన ఏకశిల అంత నున్నగా, గుండ్రంగా ఉండడానికి కారణం అదే. కొన్నిచోట్ల రాయి నిలువుగా, అడ్డంగా పగుళ్ళు బారి, ఆ పగుళ్ళలో నీరు దిగి అంచులను తినేయగా, మధ్యలో మిగిలిన గట్టి ముద్దలు ఒకదానిపై ఒకటి నిలిచిన గుండ్లుగా బయటపడ్డాయి. ఎవరో పేర్చినట్టు కనిపించే ఈ గుండ్ల వరుసలను పేర్చినది వాననీరే. రాయిని కన్నది అగ్ని, చెక్కినది నీరు.

పైకి పొంగిన అగ్ని ఆనవాళ్ళు కూడా ఈ ప్రాంతంలో లేకపోలేదు. గ్రానైటు గడ్డకట్టిన తరువాత దానిలో పొడుగాటి నెర్రెలు పడి, ఆ నెర్రెల గుండా లోపలి శిలాద్రవం గోడలా పైకి చొచ్చుకువచ్చి చల్లారింది. ఇలాంటి రాతి గోడను శాస్త్రజ్ఞులు డైక్ అని, అందులోని నల్లరాయిని డోలరైట్ అని అంటారు. ఎర్ర చెల్కల మధ్య అకస్మాత్తుగా, గీత గీసినట్టు మైళ్ళ పొడవున సాగే నల్లరాళ్ళ వరుసలను ఈ జిల్లాల రైతులందరూ చూసి ఉంటారు. వాటిలో సుమారు 220 కోట్ల ఏళ్ళనాటి ఒక సమూహాన్ని భూగర్భ శాస్త్ర గ్రంథాలు మహబూబ్‌నగర్ పేరుతోనే పిలుస్తాయి. నారాయణపేట, మద్దూరు, కోటకొండ ప్రాంతాల్లో ఇంతకన్నా ఆశ్చర్యకరమైన ఆనవాళ్ళు ఉన్నాయి: భూమి లోపల 150 కిలోమీటర్లకు పైబడిన లోతు నుంచి దూసుకువచ్చిన కింబర్లైట్ గొట్టాలు, అంటే అరిగిపోయిన అతి ప్రాచీన అగ్నిపర్వతాల కంఠనాళాలు. ప్రపంచంలో వజ్రాలను పైకి మోసుకొచ్చే రాయి ప్రధానంగా ఇదే కావడంతో శాస్త్రజ్ఞులు దీనిని అంత శ్రద్ధగా వెదికారు. ఇక ఉమ్మడి జిల్లా పడమటి కొసన, కొడంగల్ వైపు, సుమారు 6.6 కోట్ల ఏళ్ళ క్రితం దక్కనును ముంచెత్తిన లావా అంచు కనిపిస్తుంది. అక్కడి నల్ల రేగడి ఆ లావా చివికిన మట్టే. అక్కడి రైతు దున్నుతున్నది అగ్నిపర్వతపు పొడిని.

ఇప్పుడు ఒక గుట్ట ఎక్కవలసిన సమయం వచ్చింది. హైదరాబాదు నుంచి విజయవాడ వెళ్ళే రహదారిమీద నార్కట్‌పల్లి దగ్గర నల్లగొండ వైపు మళ్ళితే, కొద్ది దూరంలోనే చెరువుగట్టు వస్తుంది. గుట్టమీద వెలసిన స్వామి పార్వతీ సమేత జడల రామలింగేశ్వరుడు. పరశురాముడు 108 శివలింగాలను ప్రతిష్ఠించాడని, వాటిలో చివరిది ఇక్కడిదని, ఎంత తపస్సు చేసినా శివుడు ప్రత్యక్షం కాకపోవడంతో కోపించి గొడ్డలితో కొట్టాడని, అప్పుడు స్వామి దర్శనమిచ్చాడని స్థలపురాణం చెబుతుంది. గుట్ట నెత్తిన మూడు పెద్ద గుండ్లు ఉన్నాయి, వాటి పేరే మూడు గుండ్లు. వాటి ఇరుకు సందుల్లో నుంచి ఒదిగి, పైకి పాకి, అక్కడి శివలింగాన్ని దర్శించుకోవడం భక్తులకు ముఖ్యమైన ఘట్టం. వానల నీరు లక్షల ఏళ్ళు అరగదీసి వదిలిన సందుల్లో నుంచి నేటి భక్తుడు దేవుని దగ్గరికి వెళుతున్నాడన్న సంగతి ఆ క్షణంలో తోచదు, కానీ తెలిసినవారికి ఆ ఇరుకు దారి మరింత పవిత్రమవుతుంది.

ప్రతి అమావాస్యకూ ఈ గుట్ట నిండిపోతుంది. రోగాలు, మనోవ్యాధులు ఉన్నవారు ఆ రాత్రి గుట్టమీదే నిద్ర చేస్తే నయమవుతుందని జనం నమ్మకం. పిల్లాపాపలతో, సద్దిమూటలతో వచ్చి బండలమీద పడుకుంటారు. మాఘమాసంలో జరిగే బ్రహ్మోత్సవాలలో అగ్నిగుండాలు ప్రధానమైనవి. నిప్పుల గుండాన్ని రగిల్చి, కణకణలాడే ఆ నిప్పులమీద భక్తులు శివనామంతో నడుస్తారు. అగ్ని కన్న రాతి గుట్టమీద, అగ్నిమీద నడిచే ఈ మొక్కును మొదలుపెట్టినవారికి గ్రానైటు పుట్టుక తెలిసి ఉండదు. కానీ రాతికీ నిప్పుకూ నీటికీ మధ్య ఉన్న బంధాన్ని శాస్త్రం కన్నా ముందే ఒక పూజగా మలచిన ఆ పూర్వుల ఊహకు నమస్కరించకుండా ఉండడం కష్టం.

ఈ గుట్టమీద నుంచి కిందికి చూడాలి. ఇది ముఖ్యమైన మాట, అందుకే మరోసారి: దర్శనం అయ్యాక, దిగేముందు, కిందికి చూడాలి. కింద చెరువు, చెరువు కింద పొలాలు, ఆ పొలాల చివర మరొక చెరువు కనిపిస్తాయి. బోడిగుండు నీటిని పీల్చుకోదు. ఎకరం బోడిగుండుమీద ఒక్క సెంటీమీటరు వాన పడినా సుమారు 40 వేల లీటర్ల నీరు జారి కిందికి వస్తుంది. సాలుకు దాదాపు 700 మిల్లీమీటర్ల వాన, అదీ కొద్ది రోజుల్లోనే కురిసే ఈ మెట్ట ప్రాంతంలో, జారిన నీటిని జారినచోటే ఆపగలిగితేనే పంట, తాగునీరు. అందుకే పూర్వులు గుట్ట పాదాన, నీరు చేరే పల్లాన్ని చూసి, రెండు మిట్టలను కలుపుతూ మట్టికట్ట పోశారు. కట్టకు తూము పెట్టారు, అంటే పొలానికి నీరు వదిలే ద్వారం. ఎక్కువైన నీరు కట్టను తెంచకుండా పొర్లి పోవడానికి అలుగు పెట్టారు. కొన్ని ఊళ్ళలో దానినే మత్తడి అంటారు. పై చెరువు అలుగు పారితే కింది చెరువు నిండుతుంది, అది పారితే దాని కిందిది నిండుతుంది. గొలుసుకట్టు చెరువులంటే ఇవే. తూము ఎత్తి దించి, ఏ మడికి ఎంత నీరో చూసుకునే నీరటికాడు ఊరికి పెద్ద ఉద్యోగి. గుట్టమీద శివుడు ఉంటే, చెరువు కట్టమీద కట్టమైసమ్మ ఉంటుంది. చెరువు నిండితే ఆమెకు బోనం ఎత్తుతారు.

కాబట్టి యాత్రికుడు గుట్టమీద ఒక దేవునికి, కట్టమీద ఒక దేవతకు, ఇద్దరికీ దండం పెట్టుకోవడం న్యాయం.

మహబూబ్‌నగర్ నుంచి రాయచూరు వెళ్ళే దారిలో ఉన్న మన్యంకొండ ఇదే బంధాన్ని మరోవిధంగా చూపిస్తుంది. అక్కడి వేంకటేశ్వరస్వామి పేదల తిరుపతి దేవుడిగా ప్రసిద్ధుడు. ఉలి ముట్టని దేవుడు, తవ్వని కోనేరు అని ఆ కొండను గురించి జనం చెప్పుకుంటారు. దేవుడిని ఎవరూ చెక్కలేదు, రాతిలో తానే వెలిశాడు. కోనేరును ఎవరూ తవ్వలేదు, రాతిలో తానే ఏర్పడింది. గ్రానైటు బండమీద చిన్న గుంటలో నిలిచిన నీరు రాతి పలుకులను మెత్తబరుస్తుంది, ఎండిన తరువాత ఆ పొడిని గాలి ఎత్తుకుపోతుంది, మరుసటి వానకు గుంట కొంచెం పెద్దదవుతుంది. ఇలా వేల ఏళ్ళలో బండమీద సహజమైన గుండాలు ఏర్పడతాయని శాస్త్రం చెబుతుంది. జనం మాటకూ శాస్త్రం మాటకూ ఇక్కడ తగవు లేదు, రెండూ మనిషి చేయి పడలేదనే చెబుతున్నాయి.

మనిషి చేయి పడిన గొప్ప చోటును చూడాలంటే పానగల్లుకు వెళ్ళాలి. నల్లగొండ పట్టణాన్ని ఆనుకుని ఉన్న ఈ ఊరు 11, 12 శతాబ్దాల్లో కందూరు చోడుల రాజధానుల్లో ఒకటి. కల్యాణి చాళుక్యులకు సామంతులైన ఈ రాజుల వంశనామంలో ఉన్న కందూరు మహబూబ్‌నగర్ ప్రాంతంలోనిది. అంటే ఈ ప్రసంగంలో చెప్పుకుంటున్న రెండు ప్రాంతాలనూ తొమ్మిది వందల ఏళ్ళ క్రితమే ఒక్క పాలన కలిపింది. ఆ వంశానికి చెందిన ఉదయ చోడుని పేర వెలసినది ఉదయసముద్రం. పేరుకు సముద్రమే అయినా అది చెరువు. నీటి కొరత తెలిసిన నేలమీద పెద్ద చెరువుకు సముద్రమని పేరు పెట్టుకోవడం వెనుక ఎంత గౌరవం ఉందో శ్రోతలు ఊహించవచ్చు. ఆ చెరువు చెంతనే ఛాయా సోమేశ్వరాలయం, ఊళ్ళో పచ్చల సోమేశ్వరాలయం ఉన్నాయి. ఛాయా సోమేశ్వరంలో పగలంతా, సూర్యుడు ఎటు తిరిగినా, ఒక స్తంభపు నీడ గర్భగుడిలో కదలకుండా నిలిచి ఉంటుంది. వెలుగు నేరుగా పడకుండా పక్కల నుంచి, స్తంభాల మధ్య నుంచి వచ్చేటట్టు గుడిని అమర్చిన శిల్పుల నేర్పు అది. ఆ నీడను చూడడానికి వచ్చేవారు ఎందరో. గుడి వెనుక నిలిచిన నీరు కూడా అదే కాలపు నేర్పు అని గమనించేవారు తక్కువ. చెరువు తవ్వించడం, గుడి కట్టించడం రెండూ సప్తసంతానాల్లో చేరినవే. అంటే మనిషి తన తరువాత లోకంలో నిలిపి పోవలసిన ఏడు సంతానాల్లో కొడుకుతో సమానంగా లెక్కించినవే. రాజులు ఆ రెండు సంతానాలనూ పక్కపక్కనే నిలిపారు.

ఇక ఆ నల్లని అభ్రకం సంగతికి రావాలి. ఇది బాధాకరమైన కథ, కానీ చెప్పక తప్పదు. గ్రానైటులోని బయోటైట్ వంటి ఖనిజాల్లో ఫ్లోరిన్ అనే మూలకం ఉంటుంది. భూమి లోపలి పగుళ్ళలో ఏళ్ళ తరబడి నిలిచిన నీరు రాతి నుంచి దానిని కొద్దికొద్దిగా కరిగించుకుంటుంది. తాగే నీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడు ఉండకూడదు. అంతకు మించి ఫ్లోరైడు ఉన్న నీటిని చిన్ననాటి నుంచి తాగిన పిల్లల పళ్ళు గారపట్టాయి, పెద్దల వెన్ను బిగుసుకుపోయింది, కాళ్ళ ఎముకలు వంకరపోయాయి. మర్రిగూడ, నాంపల్లి, చండూరు, మునుగోడు ప్రాంతాల్లో తరాలు ఈ బాధను మోశాయి. ఇక్కడ శ్రోతలు గమనించవలసినది ఒకటి ఉంది. గుట్టమీద నుంచి జారి చెరువులో చేరిన వాననీటికి రాతితో సావాసం కొద్దిసేపే. దానిలో ఫ్లోరైడు తక్కువ. బోరు వేసి లోతు నుంచి తోడిన నీటికి రాతితో సావాసం ఎక్కువ, విషమూ ఎక్కువ. చెరువులు పూడిపోయి, శిఖం భూములు, అంటే చెరువు లోపలి భూములు, ఆక్రమణలపాలై, ఊళ్ళు బోర్లను నమ్ముకున్న కొద్దీ ఈ ప్రాంతం తన మేలైన నీటికి దూరమై, చెడు నీటికి దగ్గరైంది. చెరువును పాడుచేసుకోవడం పుణ్యక్షేత్రాన్ని పాడుచేసుకోవడం కన్నా చిన్న తప్పు కాదు.

ఈ బాధ నల్లగొండ పేరును ప్రపంచానికి తెలియజేసింది. నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ, నీరీ, పటికనూ సున్నాన్నీ నీటిలో కలిపి, తేర్చి, ఫ్లోరైడును తొలగించే ఒక సులభమైన పద్ధతిని రూపొందించింది. దాని పేరే నల్లగొండ పద్ధతి. ఆ పద్ధతి ఆఫ్రికా దాకా వెళ్ళింది. అక్కడి టాంజానియాలో ఒల్ దొయిన్యో లెంగాయ్ అనే అగ్నిపర్వతం ఉంది, ఆ పేరుకు మసాయి ప్రజల భాషలో దేవుని కొండ అని అర్థం. దానికి ఉత్తరాన నాట్రాన్ సరస్సు, మనిషి తాగడానికి పనికిరాని క్షారజలంతో నిండి ఉంటుంది. ఆ దేశంలో అగ్నిపర్వతాల ప్రాంతపు ఊళ్ళలోనూ నీళ్ళలో ఫ్లోరైడు ఎక్కువే, అక్కడి పిల్లల పళ్ళమీదా అదే గార. ఆ బాధకు విరుగుడుగా టాంజానియా కూడా ఈ నల్లగొండ పద్ధతిని ప్రయత్నించింది. అగ్ని కన్న రాతిమీద బతికే మనుషుల కష్టం ఎక్కడైనా ఒక్కటే.

నేడు పరిస్థితి కొంత మారింది. కృష్ణా నీటిని నాగార్జునసాగర్ వెనుక జలాల నుంచి పుట్టంగండి వద్ద ఎత్తి, అక్కంపల్లి జలాశయం మీదుగా ఉదయసముద్రానికి తెస్తున్నారు. ఉదయ చోడుని చెరువు అలిమినేటి మాధవరెడ్డి ప్రాజెక్టులో ఒక భాగమై, నేటికీ పొలాలకూ పట్టణానికీ నీరిస్తున్నది. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో రాష్ట్రంలోని ఎన్నో చెరువుల పూడిక తీశారు. ఆ పూడిక మట్టిని రైతులు తమ చెల్కలకు తోలుకున్నారు. మిషన్ భగీరథ కింద నదీజలాలు ఇళ్ళకు చేరాయి. అయినా దూరపు నది నీరు వచ్చింది కదా అని ఊరి చెరువును మరిచిపోవడం తగదు. గుట్టమీద కురిసిన వానకు మోటారు అక్కరలేదు.

మాఘమాసంలో చెరువుగట్టు, మన్యంకొండ జాతరలు దగ్గర దగ్గర రోజుల్లోనే వస్తాయి. అప్పటికి వానాకాలం ముగిసి కొన్ని నెలలైనా, మంచి ఏడాదైతే చెరువుల్లో ఇంకా నీరు నిలిచి ఉంటుంది. యాసంగి వరి పచ్చగా ఉంటుంది. గుట్ట, చెరువు రెంటినీ చూడదలచిన శ్రోతలకు ఇంతకన్నా అనువైన కాలం లేదు. తెల్లవారుజామున చెరువుగట్టు ఎక్కి, మూడు గుండ్లను దర్శించుకుని, ఎండ ముదరకముందే దిగి, పానగల్లుకు చేరి, ఛాయా సోమేశ్వరుని నీడను చూసిన తరువాత ఉదయసముద్రం కట్టమీద కాసేపు నడవవచ్చు. దారిలో తగిలిన ఏ ఊరి చెరువు దగ్గరైనా ఆగి, తూము ఎక్కడుందో, అలుగు ఎటు పారుతుందో అక్కడి రైతును అడగాలి. ఆ నీరు తరువాత ఏ చెరువులో కలుస్తుందో, దాని తరువాత ఏదో, పేర్లతో సహా అతడు చెబుతాడు.